బొటనవేలు బొమ్మ పెట్టే ముందు



పోయిన ఆదివారం మన గ్రూపులోకి ఒక ఫారం వచ్చింది, చూసే ఉంటారు. బెంగళూరులో కొందరు పిల్లలు కంపెనీ పెట్టి, పట్టు రైతుల కోసం ఒక కెమెరా తయారు చేస్తున్నారట. షెడ్డులో కట్టేస్తే అదే పురుగులను చూసి, జబ్బు కనబడితే ఫోనుకు మెసేజ్ పంపుతుందట. ఫారం ఇంగ్లీషులో ఉంటే మా పాప చదివి చెప్పింది. ప్రశ్నలు ఆరు. మొదటిది, "పురుగులకు వచ్చే జబ్బులు మీకు సమస్యా?" చివరిది, "ఇటువంటి పరికరం వస్తే కొంటారా?" సాయంత్రానికి గ్రూపులో నలభై ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టేసినారు. నేనూ పెట్టబోయి, వేలు ఫోను దాకా తీసుకుపోయి ఆపుకున్నాను. ఎందుకు ఆపుకున్నానో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ముందే ఒక మాట. నేను ఎస్.ఎస్.ఎల్.సి. తో ఆగినవాణ్ణి, అదీ కన్నడ మీడియం. తెలుగు రాయడం మా నాయన ఇంట్లో పలక మీద నేర్పించినదే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా షెడ్డులో ఒక మేకుకు తెల్ల డబ్బా ఒకటి వేలాడుతూ ఉంది. నాలుగేళ్ళయింది. ఇప్పుడు దాని మీద సాలెపురుగు గూడు పెట్టింది. "మన షెడ్డులో ఏ కాలమైనా తప్పకుండా గూడు కట్టేది అదొక్కటే" అని మా ఇంటామె నవ్వుతుంది. ఆ డబ్బా తెచ్చినవాళ్ళూ ఇట్లాంటి పిల్లలే. చెడ్డవాళ్ళు కాదు, నేను ఆ మాట అనను. ఎండలో చింతామణి నుంచి బైకుల మీద వచ్చినారు, చెప్పులు బయటే విడిచి, సున్నం తొక్కి లోపలికి వచ్చినారు. అది చూసే నాకు వాళ్ళంటే మర్యాద కలిగింది. "షెడ్డులో వేడి ఎంతుందో, తేమ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోనులో తెలిస్తే మీకు మంచిదే కదా అన్నా?" అని అడిగినారు. మంచిదే అన్నాను. ఇంటికి వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి మొహం మీద కాదనడం మన ఇంటా వంటా లేదు. పైగా, అట్లా అడిగితే ఎవరు మాత్రం చెడ్డది అంటారు?

ఏప్రిల్ వచ్చింది. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు ఉండాలని మనకు తెలుసు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఒంటిగంటకు 36. ఫోను కుయ్ మంటుంది. నేను అప్పటికే బిందె పట్టుకొని కిటికీలకు కట్టిన గోనెపట్టాల మీద నీళ్ళు చల్లుతూ ఉన్నాను. మళ్ళీ కుయ్. తడి చేతులతో ఫోను తీసి చూస్తే "ఉష్ణోగ్రత ఎక్కువగా ఉంది". నాయనా, అది నా వీపుకు తెలుసు! కూలరు వేద్దామంటే ఆ పొద్దు కరెంటు రాత్రి వంతు. నాకు ఎండ అని చెప్పే డబ్బా అక్కరలేదు, ఎండ తగ్గించే ఉపాయం కావాలి. చివరికి ఆ ఏడు పంటను కాపాడింది రేకుల మీద కప్పిన కొబ్బరి మట్టలు. అది మా నాయన చేసే పనే.

మూడు నెలలకు దాంట్లోని సిమ్ముకు కరెన్సీ అయిపోయింది. ఏడాదికి ఇంత కట్టాలన్నారు, నేను కట్టలేదు. ఊళ్ళో ఇంకో నలుగురూ కట్టలేదు. ఆ పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారని విన్నాను. పోతూ పోతూ వాళ్ళలో ఒకడు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "రైతులకు కొత్తది ఎక్కదన్నా."

నాకు కోపం రాలేదు, బాధయింది. ఎందుకంటే అది అబద్ధం.

మీరే చెప్పండి, మనకు కొత్తది ఎక్కకపోతే ఇంకా తట్టల్లోనే పురుగులు మేపుతూ ఉండాల్సింది కదా? మా అమ్మ కాలంలో ఆకు ఒక్కొక్కటి గిల్లి, బుట్టకెత్తి, రోజుకు నాలుగైదు సార్లు తట్ట తట్టకూ చల్లేవాళ్ళు. రోజూ తట్టలన్నీ దించి, కసువు తీసి, మళ్ళీ ఎక్కించాలి. రాత్రి రెండో ఆట సినిమా వదిలే వేళకు మా అమ్మ ఆఖరి మేత వేసేది. ఆ తరువాత కొమ్మ మేత వచ్చింది. కొమ్మలు కొమ్మలే కోసి బెడ్డు మీద పరిస్తే చాలు. మేత వేసే సార్లు తగ్గినాయి, కసువు తీయడం తగ్గింది, ఆకు తొందరగా వాడదు. ఎవరూ బలవంతం చేయలేదు, ఒకరిని చూసి ఒకరు రెండు మూడేళ్ళలో మా ఊరంతా మారిపోయింది. చాకీ కేంద్రాలు కూడా అట్లే. ఒకటో జ్వరం, రెండో జ్వరం దాకా పురుగు పసిబిడ్డ. దానికి లేత ఆకు వేరే, గది వేరే, వెచ్చదనం వేరే. ఎకరా తోట ఉన్నవాడికి అవన్నీ ఎక్కడివి? ఆ కష్టం ఎవరో చూసినారు కాబట్టి రెండో జ్వరం లేచిన పురుగులే ఇంటికి వస్తున్నాయి. వెదురు చంద్రికలు గుర్తున్నాయా? ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. బాడిగకు తెచ్చి బండి మీద వేసుకొని ఊరూరా తిప్పేవాళ్ళం, ఒకరింటి జబ్బును ఇంకొకరింటికి మనమే మోసేవాళ్ళం. ప్లాస్టిక్ నేత్రికలు వచ్చినాక బ్లీచింగులో ముంచి, ఎండేసి, మడిచి అటక మీద పెట్టుకుంటున్నాం. వీ-1 ఆకు, ఊజి ఈగకు నైలాన్ తెర, ఇవన్నీ కొత్తవి కావా? మన కష్టం మీద చెయ్యి పెట్టిన ప్రతిదాన్నీ మనం తీసుకున్నాం. పెట్టనిదాన్ని మేకుకు తగిలించినాం.

అందుకే నా గొడవ కెమెరాతో కాదు, ఆ ఆరో ప్రశ్నతో. "వస్తే కొంటారా?" అంటే అది రేపటి మనిషిని అడగడం. రేపటి నేను ఎప్పుడూ మంచివాణ్ణే. వాడి దగ్గర డబ్బుంటుంది, తీరిక ఉంటుంది, వాడు ఏదైనా కొంటాడు. నిన్నటి నన్ను అడగండి. పోయిన పంటలో ఏ రోజు నిద్ర లేదు? ఆ రోజు ఏం చేసినావు? ఎవరికి డబ్బులిచ్చినావు? ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నావు? దానికి అబద్ధం చెప్పడం కష్టం, ఎందుకంటే జరిగిపోయింది కాబట్టి. మనిషి దేనికి డబ్బు తీసినాడో అదే అతని నొప్పి. నా లెక్కల పుస్తకంలో జబ్బు మందులకు పోయింది ఎంత అని చూస్తే, పురుగు పండిన రోజు కూలీలకు పోయినదాంట్లో సగం కూడా లేదు.

ఆ రోజు సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు గానీ, ఫారం పంపిన పిల్లలు ఎవరైనా ఇది చదివితే వాళ్ళ కోసం చెప్తాను. 200 గుడ్లు అంటే దగ్గర దగ్గర ఎనభై వేల పురుగులు. అవి పండినాక ఒక్క పూట ఆలస్యమైతే బెడ్డు మీదే దారం కక్కి పాడు చేసుకుంటాయి. అన్నిటినీ చేత్తో ఏరి చంద్రిక ఎక్కించాలి. ఊళ్ళో అందరికీ ఒకే చాకీ కేంద్రం ఒకే రోజు పురుగులిస్తుంది. కాబట్టి అందరివీ ఒకే రోజు పండుతాయి. కాబట్టి ఆ రోజు ఊళ్ళో కూలి మనిషి దొరకదు, దొరికితే వాళ్ళు చెప్పిందే కూలి. దీనికి ఏరే యంత్రం కావాలా? ఉంటే సంతోషమే. కానీ చాకీ ఇచ్చే తేదీని మూడు రోజులు అటూ ఇటూ చేసి ఊరిని రెండు భాగాలు చేస్తే యంత్రం లేకుండానే సగం నొప్పి పోతుంది కదా. మేము ఈ మాట చాకీ ఆయప్పతో అన్నాం. "ఇన్నేళ్ళకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు ఆయప్ప. మనం చెప్పలేదు, ఆయప్ప అడగలేదు. మొన్నటి పంట నుంచి రెండు విడతలుగా ఇస్తున్నాడు.

ఇంక మా ఇంటి సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను.

షెడ్డు కట్టినప్పుడు ర్యాకులు నేనే కొలతలిచ్చి చేయించినాను. ఐదడుగుల వెడల్పు, నాలుగు అంతస్తులు, చోటు మిగలాలని గోడకు ఆనించి. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. నేనూ బాగుందనే అనుకున్నాను. పదకొండేళ్ళు అట్లే నడిచింది. పోయినేడు ఒక సాయంత్రం పై అంతస్తుకు మేత వేస్తూ మా ఇంటామె కాలు జారింది. మణికట్టు వాచింది. ఆ వారం ఆమె పని నేను చేయాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది. గోడ పక్క ఉన్న పురుగుకు కొమ్మ అందాలంటే కింది పైపు మీద కాలు పెట్టి, ఒక చేత్తో పై పైపు పట్టుకొని, ఇంకో చేత్తో కొమ్మ విసరాలి. అది రోజుకు మూడు సార్లు, ఐదో దశలో, అంటే మొత్తం మేతలో ఐదింట నాలుగు వంతులు తినే ఆ వారంలో. నాకంటే ఆమె జానెడు పొట్టి. "ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాను. "ఎప్పుడు అడిగినావు?" అనింది.

వెల్డింగు ఆయనను పిలిచి, ర్యాకును గోడ నుంచి రెండడుగులు జరిపించి రెండు పక్కలా నడిచేదట్ల చేసినాను. ఒక వరస ర్యాకు తీసేయాల్సి వచ్చింది, పంటకు నలభై గుడ్లు తగ్గినాయి. ఆ నలభై గుడ్లు ఇన్నేళ్ళు ఆమె నడుము మీద పండినాయని ఇప్పుడు అనుకుంటాను. ఆ పదకొండేళ్ళలో ఎవరైనా వచ్చి నన్ను "ర్యాకు ఎట్లుంది?" అని అడిగి ఉంటే భేషుగ్గా ఉందని బొటనవేలు చూపించేవాణ్ణి. ర్యాకుతో పని చేసేది నేను కాదు కదా! కంపెనీలవాళ్ళయినా, ఆఫీసులవాళ్ళయినా వచ్చి అరుగు మీద కూర్చొని మాట్లాడేది మగవాళ్ళతో. లోపల కసువు తీస్తున్నవాళ్ళను ఎవరూ పలకరించరు. మన గ్రూపులో కూడా ఆ నలభై మూడు బొమ్మల్లో ఆడవాళ్ళవి ఎన్ని? నేను లెక్కపెట్టినాను. రెండు.

సరే, జబ్బు సంగతికి వస్తాను, కెమెరా చేసేది దానికే కదా. పాలురోగం వచ్చిన పురుగు కెమెరాకు కనపడే పాటికి మనకూ కనబడుతుంది. ఏరి సున్నంలో వేస్తాం, బెడ్డుకు పొడి చల్లుతాం. తెలియక పోయిన పంటలు తక్కువ. నా పంట ఒకటి నిలువునా పోయింది మాత్రం జబ్బుతో కాదు. రెండేళ్ళ కింద, నాలుగో జ్వరం లేచి ఐదో రోజు. పొద్దున మేత వేసి టిఫిను తిని వచ్చేసరికి పురుగులు తలలెత్తి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి, ముడుచుకుపోతున్నాయి. పక్క చేనులో టొమేటోకు మందు కొట్టినారు, గాలికి నా ఆకు మీద పడింది. టొమేటో కాయ తొలిచే పురుగూ రెక్కలొస్తే చిమ్మెటే, మన పురుగూ రెక్కలొస్తే చిమ్మెటే. దాన్ని చంపేది దీన్ని ఎట్లా వదులుతుంది? పక్క చేనాయన నా పంట పోవాలని కొట్టలేదు. కొట్టకపోతే ఆయన కాయ పోతుంది. నేను గుంత తవ్వి పూడుస్తుంటే ఆయనే వచ్చి పార పట్టుకున్నాడు.

ఆ పొద్దు నాకు కెమెరా ఉండి ఉంటే ఏం చెప్పేది? పురుగులు చస్తున్నాయని చెప్పేది.

నాకు కావాల్సింది ముందు రోజు తెలియడం. ఇప్పుడు మా దారికి ఆనుకున్న తొమ్మిది మంది చేన్లవాళ్ళం ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నాం. మందు కొట్టే ముందు రోజు సాయంత్రం, "రేపు కొడతాను, ఫలానా మందు" అని ఒక వాయిస్ మెసేజ్. అంతే. ఆ పక్క ఆరు సాళ్ళ ఆకు ఆ పంటకు ముట్టను, వేరే మడిలో కోస్తాను. అనుమానముంటే కోసిన ఆకు నాలుగు పురుగులకు వేసి, కొన్ని గంటలు చూసి, అప్పుడు మిగతావాటికి వేస్తాను. ఇక్కడే నాకు నిజంగా ఒక పరికరం లోటుంది. ఆ కొన్ని గంటల్లో కోసిన ఆకు వాడిపోతుంది, పురుగు ఆకలితో ఉంటుంది. ఆకులో మందు ఉందా లేదా అని అక్కడికక్కడే చెప్పేది ఏదైనా చేస్తే నేను పాతిక మందికి చెప్పి కొనిపిస్తాను. మెసేజ్ పద్ధతి కూడా ప్రతిసారీ పనిచేయదులెండి. ఒకరు మరిచిపోతారు, ఒకరు కూలీలకు అప్పజెప్పి ఊరికి పోతారు. అయినా అప్పటి నుంచి అట్లాంటి దెబ్బ మళ్ళీ తగల్లేదు.

ఇంతవరకు చదివి "బాగా అడిగినావన్నా" అనుకుంటున్నవాళ్ళకు ఇంకొక సంగతి. మనం కూడా అదే తప్పు చేస్తున్నాం. మనం కూడా ఒక సరుకు తయారు చేసేవాళ్ళమే. కొనేది రీలరు.

పదహారేళ్ళుగా నేను శిడ్లఘట్ట మార్కెట్టుకు గూళ్ళు తోలుతున్నాను. రేటు తగ్గితే రీలర్లంతా కూడబలుక్కున్నారని తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు, ఆ తగువు వేరే. కానీ ఒక వానాకాలం నా లాటు కొన్న భాయ్ ఒకాయన, "రా, నీ గూళ్ళు చూపిస్తాను" అని తన మిషను దగ్గరకు తీసుకుపోయినాడు. వేడి నీళ్ళలో ఉడికించి దారం తీస్తుంటే తెగుతుంది, అతికిస్తే మళ్ళీ తెగుతుంది. దారం అతికించే ఆడమనిషి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు రేటు కంటే ఎక్కువ గుచ్చుకుంది. "చంద్రిక ఎక్కించిన దినం షెడ్డు మూసినారా?" అన్నాడు భాయ్. మూసినాను. వాన పడుతుంటే చలికి పురుగు ముడుచుకుంటుందని కిటికీలన్నీ మూసి, పైన పట్ట కూడా కప్పినాను. గూడు కట్టేటప్పుడు పురుగు ఒంట్లోని నీళ్ళన్నీ బయటికి వదులుతుంది. గాలి ఆడకపోతే ఆ తేమకు దారం మీది జిగురు గట్టిపడుతుంది. గూడు పైకి తెల్లగా, గట్టిగా, చక్కగా ఉంటుంది. తీసేవాడి చేతిలో తెగుతుంది. ఒత్తుగా ఎక్కిస్తే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి, అది ఆయనకు దండగ. ఉచ్చ మరకల గూళ్ళు ఇంకో దండగ.

పదహారేళ్ళలో నేను కొనేవాణ్ణి అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఎంత?" అని. నీకేం ఇబ్బంది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఎక్కించినాక వానైనా కిటికీలు తెరిచే ఉంచుతున్నాను, తెర మాత్రం తీయను, ఊజికి భయపడి. చంద్రికకు పురుగులు పలుచగా వదులుతున్నాను. రేటు ఆకాశానికి ఎక్కిందని చెప్పను. ఆ భాయ్ మాత్రం మార్కెట్టులో నా లాటు ఎక్కడుందని వెతుక్కుంటూ వస్తాడు.

నలభై మూడు బొమ్మలతో నష్టమేముంది అని మీరు అనొచ్చు. ఆ పిల్లలు ఆ లెక్క తీసుకుపోయి డబ్బు పెట్టేవాళ్ళకు చూపిస్తారు. డబ్బు వస్తుంది, కెమెరా తయారవుతుంది. రేపు అది ఏ సబ్సిడీ లిస్టులోనో చేరితే సగం ధరకు వస్తుందని మనమే తీసుకుంటాం. ఆ డబ్బుతో కావాల్సింది ఏదో ఆగిపోతుంది. ఇంకో మేకుకు ఇంకో డబ్బా. ఆ పిల్లలకూ రెండేళ్ళ వయసు వృథా. వాళ్ళ మొహమాటానికి మనం పెట్టిన బొమ్మ వాళ్ళకు మేలు చేయడం కాదు.

హోసూరు, కృష్ణగిరి పక్క మనవాళ్ళు, ఇక్కడ మా కోలారు, చిక్కబళ్ళాపురం పక్కవాళ్ళు, అందరూ ఒక పని చేయండి. బొమ్మ బదులు పోయిన పంటలో మిమ్మల్ని ఏడిపించిన ఒక్క రోజు సంగతి వాయిస్ మెసేజ్ పెట్టండి. ఇంట్లో ఆడవాళ్ళ చేత పెట్టించండి. అడ్మిన్ అన్న వాటిని అట్లే ఆ కంపెనీవాళ్ళకు పంపుతానన్నాడు.

నేను నాది పంపినాను. కొంటానో కొననో నాకు తెలియదు అని చెప్పినాను. నా పురుగులు మొన్న నాలుగో జ్వరం లేచినాయి, వచ్చే బుధవారమో గురువారమో పండుతాయి. తెల్లవారి నాలుగు గంటలకు షెడ్డుకు రండి, కెమెరా తేవద్దు, మాతో కూర్చొని సాయంత్రం దాకా పురుగు ఏరండి, మధ్యాహ్నం సంగటి మా ఇంట్లోనే అన్నాను. రెండు నీలం టిక్కులు పడినాయి. ఇంకా బదులు రాలేదు.